లివరు మీద తువ్వాలు

పోయిన వారం మనం మునివెంకటప్పను కృష్ణగిరి ఆసుపత్రి నుంచి సామల్పట్టి తీసుకొచ్చి, రైలుకట్ట పక్కనున్న అతని ఇంట్లో పడుకోబెట్టి వచ్చేశాం. ఎడమ చెయ్యి మోచేతి కింద లేదు. అది పోయి నలభై రోజులైంది. ఎలా పోయిందో కొత్తగా చదివేవాళ్ల కోసం మరోసారి చెప్పక తప్పదు. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

ఊత్తంగరై రోడ్డు మీద బసవమ్మ కట్టెల డిపో ఉంది. మామిడి రసం ఫ్యాక్టరీల బాయిలర్లకూ కల్యాణ మండపాల పొయ్యిలకూ అక్కడి నుంచే కట్టెలు పోతాయి. ఒకప్పుడు ఆరుగురు గొడ్డళ్లతో చీల్చిన మొద్దుల్ని ఇప్పుడు ట్రాక్టరు వెనక బిగించిన మిషను చీలుస్తుంది. ఇంజను నడిచినంత మాత్రాన మిషను కదలదు. డ్రైవరు సీటు పక్కనున్న లివరు వేస్తేనే వెనక షాఫ్టు తిరుగుతుంది, షాఫ్టు తిరిగితేనే మిషనుకు బలం వస్తుంది. ఆ షాఫ్టు కీళ్లకు రోజూ గ్రీజు కొట్టాలి. అది మునివెంకటప్ప పని. గ్రీజు కొట్టేటప్పుడు ఇంజను ఆపాలని అందరికీ తెలుసు, ఎవరూ ఆపరు. బ్యాటరీ ముసలిది, ఆపితే మళ్లీ నలుగురు తొయ్యాలి. అందుకని మునివెంకటప్పా, డ్రైవరు మురుగనూ ఒక గుర్తు పెట్టుకున్నారు. షాఫ్టు దగ్గరికి పోయేముందు మునివెంకటప్ప తన భుజం మీది తువ్వాలు తీసి లివరు మీద వేస్తాడు. తువ్వాలు ఉన్నంతసేపు మురుగన్ లివరు ముట్టడు. రెండేళ్లుగా వాళ్లిద్దరికీ అదే చట్టం.

నలభై రోజుల కిందట మురుగన్ లివరు వేశాడు. షాఫ్టు మునివెంకటప్ప చొక్కాను చుట్టుకుంది, చొక్కాతో పాటు చేతినీ లాక్కుంది. తువ్వాలు వేశానని మునివెంకటప్ప అంటాడు. తువ్వాలు లేదని మురుగన్ అంటాడు. కొందరు పాఠకులు మురుగన్‌ను అప్పుడే జైల్లో వేసేసి నాకు ఉత్తరాలు రాశారు. అంత తొందర పనికిరాదు.

ఈ రోజు పదకొండు గంటలకు మునివెంకటప్ప పోలీసు స్టేషనుకు పోయి, జరిగింది చెప్పి సంతకం పెట్టాలి. అతను ఆసుపత్రిలో పోలీసులకు చెప్పిన మాటే ఇక్కడా చెబితే మురుగన్ మీద కేసవుతుంది, లైసెన్సు పోతుంది. ట్రాక్టరు తప్ప వేరే పని ఎరగని మనిషి మురుగన్. తీసుకుపోవడానికి ఆటో పంపుతానని బసవమ్మ పొద్దున్నే కబురు చేసింది.

అంగాళమ్మ మొగుడికి చొక్కా తొడిగింది. ఖాళీగా వేలాడుతున్న చొక్కా ఎడమ చేతిని మడిచి పిన్నీసు పెట్టబోయింది. పిన్నీసు రెండుసార్లు జారి కింద పడింది.

"వణుకుతా ఉండావేమే?" అన్నాడు మునివెంకటప్ప.

"ఏమీ లేదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా."

అది అబద్ధం. రాగి సంగటి తిన్నది అతని ఎదురుగానే. అతను ఆ మాట ఎత్తలేదు. నలభై రోజులుగా వాళ్లిద్దరూ ఒకరి మాటను ఒకరు నిలబెట్టి అడగడం మానేశారు.

అప్పుడే వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. చూస్తే సుగంధి, మురుగన్ పెళ్లాం. ఆమె ఆ గడప తొక్కి నలభై రోజులైంది. అంతకుముందు వారానికి రెండుసార్లు వచ్చేది, చింతపండు తెచ్చేది, మజ్జిగ తాగి పోయేది. పుట్టింటి మాట అరవమైనా అంగాళమ్మ దగ్గర తెలుగులోనే మాట్లాడేది. ఈ రోజు చేతిలో ఏమీ లేదు.

"లోపలికి రావచ్చునా అక్కా?"

రమ్మని అంగాళమ్మ అనలేదు, వద్దనీ అనలేదు. సుగంధి గడప దాటి, తలుపు పక్కనే నేల మీద కూచుంది. మునివెంకటప్ప మంచం మీదనే మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఏడ్చేదానికి రాలేదక్కా," అంది సుగంధి. "కాళ్లు పట్టుకునేదానికీ రాలేదు. ఒక్క మాట అడిగి పోతాను."

"అడుగు."

"అన్న తువ్వాలు యాడుంది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అంగాళమ్మ చెయ్యి దానంతట అదే తల మీదికి పోయింది. జుట్టు సవరించుకున్నట్టు చేసి దించేసింది. సుగంధి అది గమనించలేదు. ఆమె తన రెండు అరచేతుల్నీ చాపి చూస్తోంది. వాటి నిండా గీతలు, ముళ్లు విరిగిన నల్లటి చుక్కలు, ఒకచోట చీము పట్టి ఎండిన పొక్కు.

"మూడు ఆదివారాలు డిపోకి పోయినాను. నాకు ఫ్యాక్టరీలో ఆ ఒక్క పొద్దే సెలవు. బసవమ్మ వద్దన్నా పోయినాను. తువ్వాలు ఉన్నిందని అన్న చెప్తాడు. సరే, ఉన్నింది. మా ఆయన చూడకుండానే లివరు వేసినాడు. అట్లయితే తువ్వాలు ఆడనే పడుండాల కదా? లేకుంటే మా ఆయన తీసి యాడన్నా పారేసుండాల. ఒక్కో కట్టెల కుప్పా తిప్పినాను. చింత మొద్దుల కింద చూసినాను. నీలగిరి పట్టలు ఎత్తినాను. ట్రాక్టరు కింద పండుకొని చూసినాను. నీలం అంచు తువ్వాలు, ఒక మూల కాలిన గుర్తు. నాకు తెలుసక్కా అది, ఎన్నిసార్లు చూసినానో. అది ఆ డిపోలో లేదు. గాలికి ఎగిరిపోయిందా? మంటలో కాలిపోయిందా? ఉన్నిందన్న తువ్వాలు యాడికి పోయింది?"

సుగంధి గొంతు ఎక్కడా పెరగలేదు. కుప్పలు తిప్పినంత నిదానంగా మాటలు తిప్పి పెట్టింది. కోపంతో వచ్చి తిట్టిపోసినా అంగాళమ్మ తట్టుకునేది. తిట్టే మనిషిని తిరిగి తిట్టవచ్చు. వెతికి వెతికి చేతులు పాడుచేసుకున్న మనిషిని ఏమనాలి?

"ఇప్పుడు అదంతా ఏంటికి సుగంధీ," అన్నాడు మునివెంకటప్ప గోడవైపే చూస్తూ. "పోయిన చెయ్యి వస్తుందా?"

"రాదన్నా. నీ చెయ్యి రాదు. మా ఆయన మాటన్నా రావాల కదా." "నిద్రలో లేస్తాడన్నా. లేచి కూచొని చెయ్యి చాపి గాల్లో తడుముతాడు. ఏంటయ్యా అంటే, లివరు మీద చూస్తా ఉన్నాను, ఉందో లేదో అంటాడు. నిన్న నన్నే అడిగినాడు, 'ఉన్నిందేమో సుగంధీ, నేనే చూడలేదేమో' అని. ఆ మాట విన్నాకే ఈడికి వచ్చినాను."

అంగాళమ్మ నేల మీద సుగంధికి ఎదురుగా కూచుంది. కూచున్నాక ఆమె మొహం మారిపోయింది. బరువు మోయలేక దింపేసే మనిషి మొహంలా అయింది.

"తువ్వాలు నా దగ్గరుంది," అంది.

సుగంధి అర్థం కానట్టు చూసింది.

"అంగాళీ!" మునివెంకటప్ప ఒక్క ఉదుటున మంచం మీద లేచి కూచున్నాడు. లేని చెయ్యి ఊతం ఇస్తుందనుకుని పక్కకు ఒరిగి, గోడను పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "నోరు మూసుకో!"

"నలభై రోజులు మూసుకున్నాను. ఇంక మూతపడదు." అంగాళమ్మ అతనివైపు చూడలేదు, సుగంధినే చూస్తూ చెప్పింది. "ఆ పొద్దు సంగటి తీసుకొని డిపోకి పోయినాను. పోయినప్పుడల్లా మిషను కింద పడిన పేళ్లు ఏరుకొని మోపు కట్టుకొని వస్తాను, నీకు తెలుసు. మోపు కట్టినాను. నెత్తిన పెట్టుకోవాలంటే చుట్టకుదురు కావాల. నా పాతగుడ్డ ఇంట్లోనే మర్చిపోయినాను. చుట్టూ చూస్తే ట్రాక్టరు మీద మా ఆయన తువ్వాలు కనబడింది. తీసుకున్నాను. చుట్టుకొని మోపు పెట్టుకొని వచ్చేసినాను. అంతే సుగంధీ. అంతే నేను చేసింది."

అంతే. మొగుడి తువ్వాలు తీసుకోవడానికి ఏ పెళ్లాం ఎవరిని అడుగుతుంది? రోజూ ఉతికేది ఆమె, ఆరేసేది ఆమె. దాన్ని లివరు మీద వేస్తే దానికి ఇంకో అర్థం ఉందని ఇద్దరు మగాళ్లకు తెలుసు, మూడో మనిషికి వాళ్లు చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. అంగాళమ్మకు డిపోలో పని లేదు కదా, సంగటి ఇచ్చి పోయే మనిషి. ప్రాణం కాపాడే గుర్తును రోజూ ఉతికే మనిషికే తెలియకుండా పెట్టుకున్నారు. ఈ తప్పును ఎవరి ఖాతాలో వెయ్యాలో, కథ రాస్తున్న నాకే తోచడం లేదు.

"ఇంటికొచ్చి మోపు దించినానో లేదో ఫోను వచ్చింది," అంది అంగాళమ్మ. "ఆసుపత్రికి పరిగెత్తినాను. మూడో పొద్దు, మురుగన్ వరండాలో నిలబడి ఏడుస్తా 'లివరు మీద తువ్వాలు లేదక్కా, నా బిడ్డల మీద ఒట్టు' అన్నాడు. అప్పుడు తెలిసింది ఆ తువ్వాలేందో. అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. మొగుడు ఆడ చెయ్యి లేకుండా పండుకొని ఉంటే, తీసింది నేనే అని యా నోటితో చెప్పేది?"

సుగంధి ఏడవలేదు. అరవలేదు. "ఎంత పని చేసినావక్కా," అని మాత్రం అంది. మళ్లీ అంది, "నువ్వు చెప్పుంటే చాలు కదక్కా. ఎవరూ నిన్ను కొట్టరు కదా."

"తెలుసు."

"మా ఆయన పిచ్చోడైపోతా ఉన్నాడు."

"తెలుసు సుగంధీ. తెలిసే ఊరుకున్నాను. దానికి ఏం శిక్ష వేస్తావో వెయ్యి." అంగాళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే మొగుడివైపు తిరిగింది. "నిన్నూ మోసం చేసినానయ్యా. నువ్వు మురుగన్‌ని తిడతా ఉంటే పక్కన కూచొని వింటా ఉన్నాను. నీ చెయ్యి తీసింది నేను."

మునివెంకటప్ప తల దించుకున్నాడు. గోడమీద పాకుతున్న చీమల బారును కొంతసేపు చూశాడు. సరుగుడు కట్టె అయితే దెబ్బకు చీలుతుంది, చింత మొద్దు గొడ్డలికి ఒక పట్టాన లొంగదు. మునివెంకటప్ప చింత మొద్దు జాతి మనిషి.

"నాకు తెలుసు," అన్నాడు.

ఇద్దరు ఆడవాళ్లూ తలెత్తి చూశారు.

"చూసినాను. షాఫ్టు కింద గ్రీజు గన్ను పట్టుకొని కూచోనుంటి. పెద్ద చక్రం సందులో నుంచి గేటు కనబడతా ఉంది. నువ్వు పోతా ఉన్నావు. నెత్తిన మోపు. మోపు కింద నీలం అంచు. నా తువ్వాలే అది, చూసినాను."

"చూసి?" అంది అంగాళమ్మ. ఆమె ఏడుపు ఆగిపోయింది.

"పిలుద్దామనుకొన్నాను. మోపుతో పోయే మనిషిని తువ్వాలు కోసం వెనక్కి పిలిస్తే డిపోలో అందరూ నవ్వుతారనుకొన్నాను. మురుగన్ అప్పుడే టీకి పోయినాడు. వాడు టీకి పోతే పావుగంట రాడు. ఒక్క కీలే ఉంది, ఒక్క నిమిషం పని. కొట్టేసి లేస్తాం కదా అనుకొన్నాను." అతను కుడిచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఆ పొద్దు టీ అంగట్లో పాలు విరిగిపోయినాయంట. వాడు పోయినంత బిరీన వచ్చేసినాడు."

రైలుకట్ట మీద గూడ్సు బండి పోయింది. ఇల్లంతా అదిరింది.

"అట్లయితే నువ్వు ఆసుపత్రిలో మురుగన్ పేరు ఏంటికి చెప్పినావు?" అని అడిగింది అంగాళమ్మ.

"నీ పేరు రాకూడదని."

"నా పేరా?"

"కుండకు మూత పెట్టొచ్చు, ఊరి నోటికి పెట్టేదానికి అవుతుందా? పేళ్ల కోసం మొగుడి చెయ్యి తీసిన ఆడది అంటారు నిన్ను. నీళ్లకు పోతే అంటారు, పెళ్లికి పోతే అంటారు. మొగుడి చెయ్యి తినేసింది అంటారు. నేను బతికినన్నాళ్లూ అంటారు, చచ్చినాక ఇంకా ఎక్కువ అంటారు. మురుగన్ మగోడు. ఈడ కాకపోతే బార్డరు కాడ జూజువాడి పక్క పోయి లారీ తోలుకుంటాడు అనుకొన్నాను."

"లైసెన్సు పోయినాక యా లారీ తోలతాడన్నా?" అంది సుగంధి.

మునివెంకటప్ప మళ్లీ గోడవైపు తిరిగాడు.

అంగాళమ్మ మొగుణ్ణి కొత్తగా చూస్తోంది. ఆసుపత్రిలోనూ ఇంట్లోనూ కలిపి నలభై రోజులు, అతను మంచం మీద, ఆమె కింద చాప మీద. ఆమెకు తెలిసింది అతనికి తెలియదని ఆమె దాచింది. అతనికి తెలిసింది ఆమెకు తెలియదని అతను దాచాడు. ఒకరి మీద ఒకరికి అంత ప్రేమ. ఆ ప్రేమ కింద పడి మురుగన్ నలిగిపోయాడు. ఆమెకు మొగుడి మీద జాలి వేసింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

"నన్ను కాపాడమని నిన్ను అడిగినానా?" అంది. "నా తప్పు నాకుంది. నీ తప్పు నీకుంది. షాఫ్టుకి తొడుగుండేది, గ్రీజుకి అడ్డమని విప్పి మూలన పారేసింది నువ్వే. బ్యాటరీ మార్చమంటే రెండేళ్లుగా రేపు మాపు అంటా ఉండేది బసవమ్మ. ఇంతమంది తప్పుల్లో, ఏ తప్పూ చెయ్యని వాడొక్కడే. వాడి నెత్తినే పెట్టినాం అందరమూ."

ఆమె లేచింది. "పద. స్టేషన్‌లో ఇదంతా చెబుదాం. ఊరు ఏమన్నా అనుకోనీ."

"ఆలోచించు అంగాళీ."

"నలభై రోజులు అదే కదయ్యా చేసినాను."

సుగంధి కూడా లేచింది. వచ్చినప్పుడు లేని వెలుగు ఆమె మొహంలో కొద్దిగా కనబడింది. కొంగు చివరి ముడి విప్పి ఫోను తీసింది. "ఆయనకు చెప్తానక్కా. ఇప్పుడే చెప్తాను. ఒక్క మాట చెప్పేస్తే చాలు, ఈ పొద్దు కడుపుకు అన్నం తింటాడు."

నంబరు నొక్కింది. నాలుగుసార్లు మోగాక మురుగన్ ఎత్తాడు. ఆమె స్పీకరు పెట్టింది. వెనక ఎక్కడో రంపం చప్పుడు వినబడుతోంది.

"యాడున్నావయ్యా?"

"డిపోలో. బసవమ్మ పిలిచింది." మురుగన్ గొంతు వింతగా, తేలిగ్గా ఉంది. "సుగంధీ, అంతా అయిపోయింది. ఆయమ్మ ఒక కాగితం రాయించింది. సంతకం పెట్టేసినాను."

"ఏం కాగితం?"

"తువ్వాలు ఉన్నింది, నేనే చూడకుండా లివరు వేసినాను అని. ఆయమ్మ పదకొండుకి స్టేషన్‌లో ఇస్తుంది. నేనే ఒప్పుకొంటే శిక్ష తక్కువంట, అన్నకి కూడా మాట పోదంట."

"అయ్యో, ఏంటికి పెట్టినావు? తువ్వాలు లేదు కదా! లేదని నువ్వే కదా చెప్తివి!"

"ఉన్నిందేమో సుగంధీ," అన్నాడు మురుగన్. "ఇంతమంది చెప్తా ఉంటే ఉన్నిందేమో. నాకిప్పుడు కండ్లు మూసుకొంటే అది లివరు మీద కనబడతా ఉంది. నీలం అంచు, కాలిన మూల, అన్నీ కనబడతా ఉన్నాయి. ఇంక నన్ను అడగొద్దు. నాకు నిద్ర కావాల."

"మురుగా, నేను అంగాళక్కని!" అని అంగాళమ్మ ఫోను అందుకోబోయింది. లైను అప్పటికే తెగిపోయింది. సుగంధి మళ్లీ చేసింది. స్విచాఫ్ అని వచ్చింది.

వాకిట్లో ఆటో హారన్ కొట్టింది. బసవమ్మ పంపిన ఆటో. గోడ గడియారంలో పదీ ఇరవై అయింది.

అంగాళమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచి ఆటో ఎక్కి కూచుంది. సుగంధి పరుగున వచ్చి ఆమె పక్కన ఎక్కింది. ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏందమ్మా ఇది? ఆయప్పని ఒక్కణ్ణే తీసుకొని రమ్మంది బసవమ్మ. వేరే ఎవరినీ ఎక్కించొద్దనింది."

"ముందు స్టేషనుకు కాదప్పా, డిపోకి పోనీ," అంది అంగాళమ్మ. "ఆయమ్మ బయలుదేరకముందే పోవాల."

"నా పని పోతుందమ్మా."

అంగాళమ్మ ఇంటివైపు చూసింది. గడప దగ్గర మునివెంకటప్ప నిలబడి ఉన్నాడు. చొక్కా ఎడమ చెయ్యి పిన్నీసు లేక గాలికి ఊగుతోంది. అతను ఒక మాట అంటే డ్రైవరు ఆడవాళ్లను దించేస్తాడు, ఇంకో మాట అంటే డిపోకి తోలతాడు.

"ఏమప్పా, ఏం చెయ్యమంటావు?" అని డ్రైవరు అతన్నే అడిగాడు.

మునివెంకటప్ప గడప దిగాడు. ఏ మాట అన్నాడో వచ్చే వారం.